నల్లరేగడి పెరట్లో నీళ్లు నిలుస్తుంటే కృత్రిమ పచ్చిక వేయించాలా?

ఫ్రిస్కో వాసి (ప్రశ్న):
మా ఇల్లు డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో, నల్లరేగడి నేల మీద ఉంది. ఇంటికీ కంచెకూ మధ్య ఉన్న సుమారు 300 చదరపు అడుగుల పట్టీలో ఎండ పడదు కాబట్టి బెర్ముడా గడ్డి బతకడం లేదు. మే నెల వానలకు అక్కడ నిలిచిన నీరు రోజుల తరబడి ఇంకదు, ఆ బురదంతా పిల్లల కాళ్లతో ఇంట్లోకి వస్తుంది. గుత్తేదారు ఒకరు వచ్చి చూసి, పైమట్టి 4 అంగుళాలు తీసి కంకర పరిచి దాని మీద కృత్రిమ పచ్చిక వేస్తే నీరు నిలవదని, ఆ పచ్చిక గంటకు 30 అంగుళాల వాననైనా కిందికి వదిలేస్తుందని చెప్పారు. ఆయన ఇచ్చిన అంచనాలో కాలువ గానీ గొట్టం గానీ లేవు. ఈ పనితో సమస్య తీరుతుందా?

ప్లేనో గృహస్థు:
నిస్సందేహంగా వేయించుకోండి. మా ఇంట్లో వేయించిన తరువాత బురద అన్నదే లేదు, కుక్క కూడా శుభ్రంగా లోపలికి వస్తోంది. కంకరలో వందకు 40 వంతుల వరకు ఖాళీ ఉంటుంది కాబట్టి 4 అంగుళాల పొరలో అంగుళంన్నర వాన ఇమిడిపోతుంది. నీడపట్టున ఏటా కొత్త గడ్డి పలకలు తెచ్చి పరవడం, అవి చావడం, మళ్లీ తేవడం కన్నా ఒకసారి ఖర్చు పెట్టడమే మేలు.

నేలల పని చేసే సివిల్ ఇంజినీరు:
పైన చెప్పిన రెండు సంఖ్యలూ సరైనవే కానీ, ఇక్కడ ఫలితాన్ని తేల్చేది మూడో సంఖ్య. కంకర అడుగున ఉన్న రేగడి గంటకు ఎంత నీరు పీలుస్తుందన్నదే అసలు ప్రశ్న. మీ ప్రాంతంలో విస్తారంగా ఉన్న హ్యూస్టన్ బ్లాక్ అనే నేలను అమెరికా వ్యవసాయ శాఖ, నీరు అతి తక్కువగా ఇంకే ‘డి’ వర్గంలో చేర్చింది. పూర్తిగా తడిసిన తరువాత ఈ వర్గపు నేలల్లో నీరు గంటకు 0.05 అంగుళానికి మించి ఇంకదని లెక్క. ఎండిన రేగడి తొలి వానను నెర్రెల గుండా గటగటా తాగేస్తుంది. మట్టి ఉబ్బి ఆ నెర్రెలు మూసుకుపోయాక నీటికి దారి ఉండదు. గుంటూరు, కృష్ణా జిల్లాల రేగడి పొలాలు ఎరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు, ఎందుకంటే అవీ ఇవీ ఒకే జాతి నేలలు.

కాబట్టి ఆ గుత్తేదారు చెప్పిన పని, అడుగున రంధ్రం లేని తొట్టిని ఇంటి పక్కన పాతిపెట్టడంతో సమానం. మీ 300 చదరపు అడుగుల్లో అంగుళంన్నర నీరంటే దాదాపు 280 గ్యాలన్లు. పొడి కలిసిన కంకరను దిమ్మిస చేస్తే, కృత్రిమ పచ్చిక (టర్ఫ్) కింద సాధారణంగా చేసేది అదే, అంత కూడా పట్టదు. ఇక 1,000 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 623 గ్యాలన్లు దిగుతాయి. కప్పు నీటిని కిందికి దించే మీ గొట్టం (డౌన్‌స్పౌట్) ఆ పట్టీలోకే తెరుచుకుంటే లెక్క అక్కడే తప్పిపోతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పునాది. ఇప్పుడు నీరు కంటికి కనబడుతోంది కనుక మీరు జాగ్రత్తపడుతున్నారు. పచ్చిక వేశాక అదే నీరు కనబడకుండా పునాది స్లాబు అంచున నిలిచి, ఒక వైపు మట్టిని ఉబ్బిస్తుంది. రెండో వైపు ఎండకు కుంచించుకుపోతుంది. తలుపులు బిగుసుకోవడం, గోడ మూలల్లో పగుళ్లు రావడం అలాగే మొదలవుతాయి.

ఇంకొకటి చూడండి. బిల్డరు రెండు ఇళ్ల మధ్య నీరు వీధికి పోయేందుకు లోతు తక్కువ పల్లం ఒకటి వదిలి ఉంటాడు. కంచె అడుగు పలక దగ్గర మట్టి పేరుకుని అది పూడిపోయిందేమో పరిశీలించండి. చాలా చోట్ల అసలు రోగం అదే, పార పట్టుకుంటే పోతుంది. పచ్చిక నున్నగా కనబడాలని ఆ పల్లాన్ని కంకరతో చదును చేసేస్తే మాత్రం, ఎగువన ఉన్న ఇంటి నీరు కూడా మీ దగ్గరే ఆగుతుంది.

అర్వింగ్ తోటమాలి:
ముందు జిప్సం చల్లి చూడకూడదా? మా ఊళ్లో బంకమట్టి గుల్లబారడానికి అదే వేసేవారు.

నేలల పని చేసే సివిల్ ఇంజినీరు:
జిప్సం పనిచేసేది సోడియం పేరుకున్న చౌడు నేలల్లోనండి. ఇక్కడి రేగడి సున్నపు మట్టి, అందులో కాల్షియం ఇప్పటికే పుష్కలంగా ఉంది. డబ్బు దండగ.

ప్లేనో గృహస్థు:
పునాది విషయం ఒప్పుకుంటాను, మా ఇంటికి వెనుక వైపు సహజంగానే వాలు ఉంది. అయినా వారి పట్టీలో ఎండ లేదు కదా. కాలువ తీసి నీరంతా పంపేసినా గడ్డి మొలవదు, మట్టి మట్టిగానే ఉంటుంది, చినుకు పడితే పిల్లలు మళ్లీ బురద తొక్కుతారు. టర్ఫ్ వద్దనే వారు దీనికి ఏం చెబుతారు?

నేలల పని చేసే సివిల్ ఇంజినీరు:
మీ మాటను కాదనను. నేను అడ్డు చెబుతున్నది పచ్చికకు కాదు, దాన్ని మురుగుపారుదల పని కింద అమ్మడానికి. మొదట డౌన్‌స్పౌట్లను రంధ్రాలు లేని గొట్టంతో వీధి అంచు దాకా తీసుకెళ్లాలి. తరువాత ఇంటి నుంచి 10 అడుగుల దూరానికి 6 అంగుళాల వాలు ఉండాలన్న నివాస భవనాల నియమాన్ని సరిచూడాలి. స్థలం చాలకపోతే పల్లమో కాలువో తప్పనిసరి. కంకర అడుగున రేగడిని కూడా వాలుగానే కోసి, కిందివైపున రంధ్రాల గొట్టం వేయాలి. ఆ గొట్టం రేగడిలోని నీటిని లాగదు, కంకరలో చేరినదాన్ని మాత్రం మోసుకుపోతుంది. ఇవన్నీ అయ్యాక నీడపట్టున టర్ఫ్ వేసుకోవచ్చు. నిండు ఎండలో అయితే వేసవిలో కాలు పెట్టలేనంత కాలిపోతుంది, నీడలో ఆ బాధ తక్కువ.

ఫ్రిస్కో వాసి:
కంచె అడుగు పలక దగ్గర మట్టి నిజంగానే జానెడు ఎత్తున పేరుకుంది. దాన్ని తీసేసి నీటిని పక్కింటి వైపు మళ్లిస్తే సరిపోతుందా? వారి స్థలం పల్లంగా ఉంది.

నేలల పని చేసే సివిల్ ఇంజినీరు:
అలా చేయవద్దు. వాననీటి సహజ ప్రవాహాన్ని మళ్లించి పొరుగువారి ఆస్తికి నష్టం కలిగించడాన్ని టెక్సాస్ జల చట్టం 11.086 సెక్షన్ నిషేధిస్తుంది, నష్టపోయినవారు పరిహారం కోరవచ్చు. బిల్డరు వదిలిన పాత పల్లాన్ని తెరిచి వీధి వైపుకే పారించండి. ఆ మట్టి తీశాక ఒక పెద్ద వాన చూసి, అప్పుడు గుత్తేదారును కొత్త అంచనా అడగండి. అందులో గొట్టం ఎక్కడ తెరుచుకుంటుందో గీసి చూపించమనండి.