అప్‌డేట్: ‘క్యాష్’ మన కాసేనా?

ఇంగ్లీషు ‘క్యాష్’ మన ‘కాసు’ నుంచే పుట్టిందా అని పోయిన నెల అడిగినది నేనే. మీరు చెప్పినట్లు నిఘంటువులు తిరగేయగా, నా ఊహ సగమే నిజమని తేలింది. మనం రోజూ వాడే క్యాష్‌కు మూలం, ‘పెట్టె’ అని అర్థమున్న లాటిన్ ‘కాప్సా’. అది ఇటాలియన్‌లో ‘కాస్సా’గా, ఫ్రెంచిలో ‘కెస్’గా మారి, 16వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చి, డబ్బు దాచే పెట్టెకూ, అందులోని డబ్బుకూ పేరైంది. కడపలోని మా బట్టల అంగట్లో “గల్లాలో ఎంతుంది?” అని నాయన అడిగితే, నేను పెట్టె కొలతలు చెప్పను కదా! అయితే దక్షిణ భారతంలోనూ చైనాలోనూ చెల్లిన చిన్న నాణేలకు ఇంగ్లీషువారు పెట్టిన ‘క్యాష్’ వేరే మాట. అది మాత్రం తమిళ ‘కాసు’ పోర్చుగీసుల నోట ‘కైషా’ అయి వారికి చేరినదే. పోర్చుగీసులో ‘కైషా’ అంటే పెట్టె కూడాను. నా తికమకకు కారణం అదే.