అప్‌డేట్: రెండు కార్బొరేటర్లు బ్యాలెన్స్ కాని పాత టూ-స్ట్రోక్ బండి, కారణం దొరికింది

యాక్సిలరేటర్ వదిలినా ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) దిగకపోవడం, కుడి సిలిండర్ స్పార్క్ ప్లగ్ తెల్లబారడం గురించి అడిగిన నాకు సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్యనున్న రబ్బరు జాయింటును అనుమానించమన్న మాటే నిజమైంది. ఇంజిన్ నడుస్తుండగా, వేడి సైలెన్సర్‌పై పడకుండా, జాయింటు చుట్టూ కార్బ్ క్లీనర్ కొద్దిగా చల్లగానే ఇంజిన్ వేగం మారింది. విప్పి వంచి చూస్తే, అనంతపురం ఎండలకూ ఇంజిన్ వేడికీ గట్టిపడిన ఆ రబ్బరు అడుగున చీలిక కనిపించింది. బిగించి ఉన్నంతసేపు అది కంటికి ఆనదు. అక్కడినుంచి గాలి చొరబడి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి పలచబడుతుంటే, స్లైడ్లను (యాక్సిలరేటర్ తిప్పితే కార్బొరేటర్‌లో పైకి లేచే ముక్కలను) ఎంత సరిచేసినా ఫలితం ఉండదు. రెండువైపులా కొత్త జాయింట్లు వేసి, రెండు స్లైడ్లూ ఒకేసారి లేచేలా కేబుల్ అడ్జస్టర్లను సరిచేసి, ఇంజిన్ వేడెక్కిన తర్వాతే ఎయిర్ స్క్రూలను (ఐడ్లింగ్‌లో గాలి పాలును సరిచేసేవి) తిప్పుకొన్నాను. ఇప్పుడు ఐడ్లింగ్ నిలకడగా ఉంది. నీడిల్ క్లిప్పు (కార్బొరేటర్‌లోని సూది ఎత్తును నిర్ణయించేది), ప్లగ్గుల మార్పు దీనికి సంబంధం లేనివి. అంతకుముందు వేసిన పెద్ద మెయిన్ జెట్టును (పెట్రోలు వెళ్లే రంధ్రమున్న ముక్క) కూడా తీసేసి పాతదే బిగించాను.