కమిషన్ ఆఫీసు కర్నూలులో ఉంది, కరెంటు రేటు ఎవరి చేతిలో ఉంది?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):
దిన్నెదేవరపాడు రోడ్డులో, ఏపీ కార్బైడ్స్ సబ్‌స్టేషన్ పక్కన విద్యుత్ నియంత్రణ భవన్ ఉంది. ఏపీఈఆర్‌సీ, అదే మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్, హైదరాబాద్ వదిలి అక్కడికే వచ్చింది. మా ఊరోళ్లకు అదో గొప్ప. నా ప్రశ్న ఒకటే. రేట్లు తేల్చేది నిజంగా కమిషనేనా, సర్కారు చెప్పినదానికి ముద్ర వేసే ఆఫీసా? నా మటుకు రెండోదే. విద్యుత్ చట్టం 2003లో 108వ సెక్షన్ చూడండి. ప్రజా ప్రయోజనం ఉన్న విధాన విషయాల్లో రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఆదేశిస్తే కమిషన్ దాని ప్రకారం నడుచుకోవాలి. అసలు అది విధాన విషయమా కాదా అని పేచీ వస్తే, ఆఖరి మాట కూడా ప్రభుత్వానిదే. ఇంక స్వతంత్రం యాడుంది?

గాలిమర (అనంతపురం):
హంద్రీ అన్నా, 108 చదివినోడివి 65 కూడా చదివి రావాల్సింది. ఎవరికైనా రాయితీ ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం ఆ సొమ్ము డిస్కంకు, అంటే ఇంటింటికీ కరెంటు పంచే కంపెనీకి, ముందుగా కట్టాలి. కట్టకపోతే కమిషన్ పెట్టిన రేటే అమలవుతుంది. నేను డిస్కం అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. 1999లో కమిషన్ రాకముందు, విద్యుత్ బోర్డు రోజుల్లో, ఎవరి భారం ఎవరి మీద పడుతోందో బయటివాళ్లకు తెలిసే దారే లేదు. ఇప్పుడు కమిషన్ రేట్ల ఉత్తర్వు (టారిఫ్ ఆర్డర్) తెరిస్తే అసలు ఖర్చెంత, రాయితీ ఎంత అన్నది విడివిడిగా ఉంటుంది. ముద్ర వేసే ఆఫీసుకు అంత పని దేనికి?

మైదుకూరు_రోడ్డు (కడప):
మీ సెక్షన్లు పక్కన పెట్టి నా బిల్లు చూడండి. ఎనర్జీ చార్జీలు, ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, విద్యుత్ సుంకం... ఇవన్నీ సరే. వాటి కింద ఎఫ్‌పీపీసీఏ అని ఇంకో లైను, పక్కన 2022-23. నేను ఈ అద్దె ఇంట్లో దిగింది మొన్న. ఆ ఏడాది ఇక్కడ ఏసీ వేసుకొని పడుకున్నాయన బెంగళూరులో ఉన్నాడు, ఆయన యూనిట్లకు నేను కడుతున్నా. ఓనరును అడిగితే, "బిల్లు మీటరు మీద వస్తుంది, మనిషి మీద కాదు" అన్నాడు.

గాలిమర:
అది కరెంటు కొనుగోలు ఖర్చులో తేడా తమ్ముడూ. బొగ్గు రేటు పెరిగినా, కరెంటు అమ్మే ఎక్స్‌చేంజ్‌లో ఎక్కువ పెట్టి కొన్నా, ముందు వేసిన అంచనాకు అసలు ఖర్చుకు మధ్య తేడా వస్తుంది. దాన్ని తర్వాత వసూలు చేస్తారు. 2022-23కు డిస్కంలు అడిగింది రూ.8 వేల కోట్ల పైమాటే. 2024 అక్టోబరులో కమిషన్ ఒప్పుకున్నది రూ.6,072.86 కోట్లు. సర్కారు ఆఫీసే అయితే కోత ఎందుకు పెడుతుంది?

హంద్రీ_ఒడ్డు:
దుకాణంలో రేటు పెంచి చెప్పి తగ్గించినట్టు! 2021 సంగతి మర్చిపోయావా సార్? 2014-19 మధ్య ఖర్చులకని రూ.3,669 కోట్ల ట్రూఅప్‌కు, అంటే పాత ఖర్చుల తేడా వసూలుకు, కమిషన్ ఓకే చెప్పింది. వసూలు కూడా మొదలైంది. పత్రికల్లో నోటీసు ఇవ్వలేదని గొడవై, కేసు కోర్టుకెక్కాక, ఆర్డర్‌ను వెనక్కి తీసుకున్నారు. ఎవరూ కోర్టుకు పోకుంటే?

పట్నంపోరడు:
ఇన్వర్టర్ కొనుక్కోండి, టెన్షన్ ఉండదు.

ఆదోని_బోరు:
దానికీ కరెంటే కావాలి తమ్ముడూ. మాకు మోటార్లకు బిల్లు లేదు కదా, మీకేం బాధ అంటారు అందరూ. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే తెలుస్తుంది మా బాధ. కమిషన్ నిబంధనల్లో పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని ఉంది, టౌన్లో అయితే 24. ఆలస్యమైతే పరిహారం కూడా ఉంది. మేమేం చేస్తాం? తలా ఇంత చందా వేసుకుంటాం, ట్రాక్టరు మాట్లాడుకుంటాం, కాలినదాన్ని మేమే రిపేరు షెడ్డుకు తోలుకుపోతాం, అక్కడ కూర్చుని బతిమాలి ఇంకోటి తెచ్చుకుంటాం. అంతలో పైరు వాడిపోతుంది. పరిహారం తీసుకున్నోడు మా ఊర్లో ఒక్కడూ లేడు. రేటు ఎవరు పెట్టినా, రాసిన రూలును నడిపించలేని కమిషన్ ఎంత స్వతంత్రమైతే మాకేం ఒరిగింది?

గాలిమర:
ఇది మాత్రం ఒప్పుకుంటా. వినియోగదారుల ఫోరం ఉంది, దాని మీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంది. రైతు అక్కడిదాకా రావాలంటే కష్టమే. కానీ సర్కారు ఏమంటే అది సాగుతుందన్న హంద్రీ మాట తప్పు. మా జిల్లా కొండల మీద తిరిగే గాలిమరల సంగతే చూడండి. 2019లో ప్రభుత్వం మారాక, పాత పవన, సౌర ఒప్పందాల రేట్లు తగ్గించాలని పట్టుబట్టారు. ఒప్పందంలోని రేటే ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది.

హంద్రీ_ఒడ్డు:
ఆపింది కోర్టు. కమిషన్ కాదు. నేను మొదటి నుంచి మొత్తుకునేది అదే కదా!

మైదుకూరు_రోడ్డు:
స్వతంత్రం గొడవ మీరిద్దరూ తేల్చుకోండి. నా దృష్టిలో అసలు రోగం ఆలస్యం. ఈ ఖర్చు తేడాను నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా అప్పటికప్పుడే వసూలు చేసుకోవచ్చన్న పద్ధతి వచ్చాక, 2024-25కు లెక్క తేలితే రూ.923 కోట్లు ఎక్కువ తీసుకున్నట్టు బయటపడింది. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు తగ్గించమన్నారు. తొందరగా లెక్క చూస్తే తిరిగి ఇచ్చే దారీ ఉందన్నమాట. ఐదేళ్లు, ఏడేళ్లు నానబెట్టి పంపితే కట్టేవాడు ఒకడు, వాడుకున్నవాడు ఇంకొకడు. గడువు దాటాక దాఖలు చేసిన పాత లెక్కలు తీసుకోకూడదు, అంతే. ఈసారి బహిరంగ విచారణకు ఇదే రాసి పంపుతా.

గాలిమర:
పంపు. నవంబరు ఆఖరుకు డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు కమిషన్ ముందు వేస్తాయి, ఆ తర్వాత అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఒక కాపీ డిస్కంకు, ఒకటి కమిషన్‌కు. మాట్లాడాలంటే ఆ సంగతి ముందే రాయాలి. ఆదోని అన్నా, నువ్వు కూడా ట్రాన్స్‌ఫార్మర్ కాలిన తేదీ, మార్చిన తేదీ రాసి పెట్టుకో. తేదీలు లేకపోతే అక్కడ ఎవరూ వినరు.

ఆదోని_బోరు:
తేదీలు ఉన్నాయి. ట్రాక్టరు బాడుగ రసీదే లేదు.

హంద్రీ_ఒడ్డు:
మీరు ఆలస్యం మీద రాయండి. నేను మాత్రం 108 మీదే రాస్తా.