ఆఫీసులో డిప్రెషన్ ఫారం ఇచ్చారు, పేరు రాయాలా వద్దా?

హన్మకొండలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మొన్న అందరికీ పీహెచ్‌క్యూ-9 ఫారం పంచారు, గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం ఎట్లా ఉన్నాయని తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. మంచిదే. కానీ పైన పేరు రాయమన్నారు, నింపినవన్నీ మేనేజర్ టేబుల్ మీదే ఫైల్లో పడి ఉన్నాయి, ఎవరైనా తిరగేయొచ్చు. ఇట్లైతే నిజం ఎవరు రాస్తారండి?

నా పక్క సీటు అన్న మాత్రం నిజమే రాసిండు, 17 వచ్చింది. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌కి చూపించుకోవాలంటారు కదా (ఆ మార్కులతోనే జబ్బు ఉందని తేల్చరు, అది తెలుసు). ఎంజీఎం ఆసుపత్రికి పోదామంటే "పిచ్చోడంటరు తమ్మీ" అంటున్నాడు, టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోతున్నాడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారని చెప్పాను, చూద్దాంలే అన్నాడు.

డిప్రెషన్ మందులు వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది కదా, అప్పటిదాకా డ్యూటీ ఎట్లా నెట్టుకొచ్చారు? సెలవు కోసం ఇచ్చే సర్టిఫికెట్‌లో జబ్బు పేరు రాయొద్దని డాక్టర్‌ని అడగొచ్చా? 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం వివరాలు గోప్యంగా ఉంచాలి కదా, మరి ఆఫీసు ఫైల్లో ఉన్న ఆ ఫారాల సంగతేంటి, వెనక్కి అడిగితే ఇస్తారా?