సెకండ్ హ్యాండ్ డీజిల్ ఎస్టేట్ కారు కొనే ముందు ఏమేం చూసుకోవాలి?

ప్రశ్న: రీడింగ్ వాసి

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటున్నాము. ఇప్పుడున్న చిన్న పెట్రోల్ కారు నా భార్య ఆసుపత్రి ఉద్యోగానికి సరిపోతోంది గానీ, గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు హీత్రో విమానాశ్రయంలో వాళ్ల సూట్‌కేసులు, పాప ప్రామ్, మనుషులు అందరూ అందులో పట్టే ప్రసక్తే లేదు. అందుకని తొమ్మిది వేల పౌండ్ల లోపు ఒక సెకండ్ హ్యాండ్ ఎస్టేట్ కారు (వెనుక పొడవైన డిక్కీ ఉండే రకం) తీసుకోవాలనుకుంటున్నాము. నేను వారంలో రెండు రోజులు బర్మింగ్‌హామ్ ఆఫీసుకు వెళ్లి వస్తాను కనుక డీజిల్ అయితే మేలని మిత్రులు చెప్పారు. ఒక డీలరు దగ్గర 96,000 మైళ్లు తిరిగిన 2016 నాటి స్కోడా ఆక్టేవియా ఎస్టేట్ ఉంది, 2.0 టీడీఐ డీజిల్ ఇంజిన్, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్. దాదాపు అదే ధరకు ఇంకొకరు తమ ఇంటి దగ్గరే 48,000 మైళ్లు మాత్రమే తిరిగిన 1.6 టీడీఐ అమ్ముతున్నారు. మైళ్లు తక్కువ కనుక నా మనసు రెండోదాని మీదే ఉంది. కొనే ముందు ఏమేం పరీక్షించాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: స్విండన్ మెకానిక్

మైళ్లు సగమే ఉన్నాయన్న ఒక్క కారణంతో రెండో కారు వైపు మొగ్గకండి. డీజిల్ కారు ఎంత తిరిగిందన్నదాని కన్నా ఎలా తిరిగిందన్నదే ముఖ్యం. ఇంజిన్ నుంచి వచ్చే పొగలోని మసిని డీపీఎఫ్ అనే ఫిల్టర్ పట్టి ఉంచి, అప్పుడప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడి వద్ద దానిని కాల్చివేస్తుంది. దీనినే రీజనరేషన్ అంటారు. ఆ వేడి రావాలంటే కారు కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. బడికీ సూపర్‌మార్కెట్‌కూ మాత్రమే తిరిగే కారులో ఆ పని మొదలై మధ్యలోనే ఆగిపోతూ ఉంటుంది. మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. కనుక ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ పై గీతను దాటి ఉంటే, ఈమధ్యే సర్వీసులో కాస్త ఎక్కువ పోశారని అమ్మేవారు ఎంత నచ్చజెప్పినా, నేనైతే ఆ కారును అక్కడే వదిలేసి వస్తాను.

అలాగని 96,000 మైళ్ల కారుకు పరీక్ష అక్కర్లేదని కాదు. మసి కాలిపోతుంది గానీ, ఇంజిన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. అది ఏళ్ల తరబడి ఫిల్టర్‌లో పేరుకుంటుంది. డయాగ్నొస్టిక్ పరికరం ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే మసి ఎంత ఉంది, బూడిద ఎంత ఉంది, చివరి రీజనరేషన్ తర్వాత కారు ఎంత దూరం నడిచింది అన్నవన్నీ చదివి చెప్పగలరు. పరికరం లేకపోయినా చేయదగిన పరీక్ష ఒకటుంది: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగగొట్టం చివర లోపలి అంచును వేలితో తుడిచి చూడండి. వేలికి దట్టంగా నల్లటి మసి అంటితే ఫిల్టర్ పగిలిందనో, ఎవరో తీసేశారనో అనుమానించాలి. డీపీఎఫ్ తీసేసిన కారు 2014 ఫిబ్రవరి నుంచి ఎంఓటీ పరీక్షలో (కారు రోడ్డుకు తగినదో కాదో ఏటా చూసే పరీక్ష) నెగ్గదు.

మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. ముందుగానే వేడి చేసి ఉంచిన ఇంజిన్, చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేయడానికి వేడినిచ్చే గ్లో ప్లగ్గుల లోపాన్ని, డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల లోపాన్ని దాచేస్తుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిరుగుతోందా, ఐడిల్‌లో దడదడమంటోందా, నీలి పొగ వస్తోందా అన్నవి గమనించండి. ఆరు గేర్ల డీఎస్‌జీకి ప్రతి 40,000 మైళ్లకు ఆయిల్ మార్చాలి కనుక ఈ కారుకు రెండు సార్లు మార్చిన బిల్లులు ఉండాలి. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసి, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి. ఫుల్ సర్వీస్ హిస్టరీ అన్న మాట ప్రకటనలో ఎవరైనా రాయగలరు. నాకు బిల్లులు కావాలి.

జవాబు: హౌన్స్‌లో నుంచి

పై మిత్రులు ఇంజిన్ సంగతి బాగా చెప్పారు. నేను కాగితాల సంగతి చెబుతాను. 2023 ఆగస్టు 29 నుంచి లండన్‌లోని అన్ని బరోలూ (పాలనా విభాగాలు) యూలెజ్, అంటే కాలుష్యం ఎక్కువగా చేసే వాహనాలకు రుసుము వేసే మండలం, పరిధిలోకి వచ్చాయి, హీత్రో కూడా అందులోనే ఉంది. యూరో 6 అనే పొగ కాలుష్య ప్రమాణం లేని డీజిల్ కారుతో విమానాశ్రయానికి వెళ్లిన ప్రతి రోజూ 12.50 పౌండ్లు చెల్లించాలి. అలాంటి కారుకు బర్మింగ్‌హామ్ నగర మధ్యభాగంలో కూడా విడిగా రోజుకు 8 పౌండ్ల రుసుము ఉంది. 2016 కారు సాధారణంగా యూరో 6 అయి ఉంటుంది, అయినా సంవత్సరాన్ని నమ్ముకోకుండా ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వెబ్‌సైట్‌లో కారు నంబరు కొట్టి నిర్ధారించుకోండి.

ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అదే నంబరుతో ఎంఓటీ చరిత్ర ఉచితంగా చూడవచ్చు. అందులో మొత్తం మైళ్లు కాదు, ఏటేటా పెరిగిన మైళ్లు చూడండి. మొదటి మూడేళ్లు ఏడాదికి పదిహేను వేలు తిరిగి, ఆ తర్వాత ఏడాదికి రెండు వేలకు పడిపోయిన డీజిల్ కారు ఊరిలోనే నలుగుతోందని అర్థం. 2020లో తగ్గడం మాత్రం లాక్‌డౌన్ వల్ల, దానిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. పరీక్ష నెగ్గినా రాసే హెచ్చరికలను కూడా చదవండి. బ్రేకు పైపులకు, సస్పెన్షన్‌కు తుప్పు అని వరుసగా రెండు మూడేళ్లు కనిపిస్తే వెనక్కి తగ్గడమే మంచిది. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని ఎంతగా తింటుందో మన ఊళ్లలో కార్లు నడిపినవారికి అంత సులభంగా తట్టదు.

వి5సి లాగ్‌బుక్ (కారు రిజిస్ట్రేషన్ పత్రం) మీద ఉన్న చిరునామా, మీరు వెళ్లిన ఇల్లు ఒకటేనా అని తప్పక చూడండి. అందులో ఉండేది రిజిస్టర్డ్ కీపర్ పేరే గానీ అది యాజమాన్యానికి రుజువు కాదు. కారు మీద అప్పు మిగిలి ఉందా, ప్రమాదంలో దెబ్బతిని బీమా సంస్థ ఎస్ (కారు నిర్మాణం దెబ్బతిన్నది) లేదా ఎన్ (నిర్మాణం దెబ్బతిననిది) వర్గంలో చేర్చిందా అన్నవి తెలుసుకోవడానికి డబ్బు చెల్లించి చరిత్ర నివేదిక తీసుకోండి.

జవాబు: లీడ్స్ నుంచి

ఎస్టేట్ కారుకే ప్రత్యేకమైన కొన్ని లోపాలు ఉంటాయి. డిక్కీ లోపలి కార్పెట్ ఎత్తి స్పేర్ టైరు గుంతలో చేయి పెట్టండి. తడి తగిలితే వెనుక లైట్ల సీళ్ల నుంచో, రూఫ్ రెయిల్స్ దగ్గర నుంచో నీరు కారుతోందన్నమాట. వెనుక డోరు తెరిచి మూసే చోట, రబ్బరు గొట్టం లోపల వైర్లు ఏళ్ల తరబడి వంగి వంగి తెగుతాయి కనుక వెనుక వైపర్, నంబర్ ప్లేట్ లైటు, డోరు తాళం ఒక్కొక్కటిగా పరీక్షించాలి. టో బార్ (వెనుక బండ్లు తగిలించే కొక్కెం) ఉంటే ఏం లాగేవారో అడగండి. భారీ కారవాన్ (చక్రాల మీది ఇల్లు) లాగిన కారులో క్లచ్, వెనుక స్ప్రింగులు త్వరగా అలిసిపోతాయి.

డీజిల్ విషయంలో మాత్రం నాది కాస్త భిన్నాభిప్రాయం. బర్మింగ్‌హామ్ ప్రయాణం వారానికి రెండు రోజులు ఖాయంగా సాగితేనే డీజిల్ మీకు తగుతుంది. ఆ ఉద్యోగం మారితే కారు కూడా మార్చాల్సి వస్తుందని గుర్తుంచుకోండి. అనుమానం ఉంటే ఇదే ఆక్టేవియా ఎస్టేట్ పెట్రోల్‌లో చూడండి. డిక్కీ అదే 610 లీటర్లు.

రీడింగ్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. 48,000 మైళ్ల కారు ఎంఓటీ చరిత్ర చూశాను. గత మూడేళ్లుగా ఏడాదికి పదిహేను వందల మైళ్లు కూడా లేవు. ఆఫీసు ఒప్పందం ఇంకా రెండేళ్లు ఉంది కనుక 2.0 కారునే చూడటానికి వెళ్తాను. అయితే డీలరు దగ్గర కొంటే నాకు ఏమైనా రక్షణ ఉంటుందా?

జవాబు: హౌన్స్‌లో నుంచి

ఉంటుందండి. కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం, డీలరు అమ్మిన కారులో అమ్మేనాటికే లోపం ఉందని తేలితే 30 రోజుల లోపు తిరస్కరించి పూర్తి డబ్బు అడగవచ్చు; ఆరు నెలల లోపు బయటపడిన లోపం మొదటి నుంచీ లేదని చూపించాల్సిన బాధ్యత డీలరుదే. ప్రైవేటుగా అమ్మేవారి దగ్గర కారు వాళ్లు చెప్పిన వివరణకు సరిపోతే చాలు, అంతకు మించి ఆశించలేము. డిపాజిట్‌లో కొంత భాగమైనా, వంద పౌండ్లైనా సరే, క్రెడిట్ కార్డుతో కట్టండి. కారు ధర 100 పౌండ్లకు పైబడి 30,000 పౌండ్లకు మించకుండా ఉంటే వినియోగదారుల రుణ చట్టంలోని సెక్షన్ 75 కింద కార్డు సంస్థ కూడా బాధ్యత వహిస్తుంది. ఇంకొక సంగతి: పాత కీపర్ కట్టిన రోడ్ ట్యాక్స్ మీకు బదిలీ కాదు, కారు తీసుకొని రోడ్డెక్కే ముందే మీ పేరున కట్టాలి.