అప్‌డేట్: పింఛను సంఘం సంచీ అప్పజెప్పేశాను

పోయిన నెల అడిగాను కదా, గుంటూరులో మా ఈపీఎస్-95 (పీఎఫ్ ఉన్న ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుదార్ల సంఘాన్ని తొమ్మిదేళ్లుగా నడుపుతున్నాను, మోకాళ్లు సహకరించడం లేదు, నేను తప్పుకుంటే అందరూ చెల్లాచెదురవుతారేమోనని. తప్పుకున్నాను. మొన్న ఆదివారం బ్రాడీపేటలో ఒకరింటి మేడమీద మీటింగు పెట్టి చెప్పేశాను.

"ఉన్నట్టుండి మానేయొద్దు, పని అప్పజెప్పి దిగండి" అన్న మీ సలహానే పట్టుకున్నాను. అప్పజెప్పడానికి ఏముంది, ఒక గుడ్డ సంచీ. అందులో సభ్యుల రిజిస్టరు, రశీదు పుస్తకం, స్టాంపు ప్యాడు. అసలు పనంతా రిజిస్టరు మార్జిన్లలో ఉంది. పొగాకు కంపెనీల్లో చేసిన ఆడవాళ్లలో ఎవరికి వేలిముద్ర పడదో, ఎవరికి ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని ఏటా ఇచ్చే డిజిటల్ సర్టిఫికెట్) చేయించాలో, ఎవరి గడువు ఏ నెలలో తీరుతుందో (అందరూ నవంబరే అనుకుంటారు, మాకు ఇచ్చిన రోజు నుంచి ఏడాది లెక్క) అన్నీ పెన్సిల్‌తో గీకినవే. కొత్తాయన పక్కన కూర్చుని వాటిని పెన్నుతో తిరగరాయించేసరికి మూడు సాయంత్రాలు పట్టింది.

గొడవ ఒక్కటే. "2014 నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయలే. మనం అడుగుతున్న 7,500 రాకముందే దిగిపోతావా అన్నయ్యా?" అని వెనకనుంచి ఒకామె నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. విజయవాడ ధర్నాలకు వస్తానమ్మా, వెనక వరుసలో కూర్చుంటాను అన్నాను. నవ్వలేదు.

నిన్న పొద్దున్నే ఫోను. "అన్నయ్యా, నా పీపీఓ నంబరు..." అని, పింఛను ఉత్తర్వు మీద ఉండే నంబరు కోసం. కొత్తాయన నంబరిచ్చి పెట్టేశాను. ఐదు నిమిషాలకు కొత్తాయనే చేశాడు, అదే నంబరు కోసం.