అప్‌డేట్: ఆందోళనకు ఏ గేమ్, ఎంతసేపు?

చేదు జ్ఞాపకాలు, ఆందోళన చుట్టుముట్టినప్పుడు ఆన్‌లైన్ గేమ్ సాయపడుతుందా అని ఇంతకుముందు ఒక పోస్టులో అడిగాను. సాయపడుతుంది, కానీ ఏ గేమ్ అన్నదే అసలు సంగతి. టెట్రిస్ (పైనుంచి పడే ముక్కల్ని ఖాళీల్లో సరిగ్గా అమర్చే గేమ్) ఆడేటప్పుడు ముక్కల్ని మనసులోనే తిప్పి చూసుకోవాలి. భయపెట్టే దృశ్యానికి అక్కడ చోటు తగ్గుతుంది. 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, రోడ్డు ప్రమాదం జరిగిన 6 గంటల్లోపు దాన్ని ఒకసారి గుర్తు చేసుకుని, ఆపై సుమారు 20 నిమిషాలు టెట్రిస్ ఆడినవారికి ఆ వారంలో ప్రమాదం తాలూకు జ్ఞాపకాలు అనుకోకుండా చుట్టుముట్టడం తక్కువగా జరిగింది.

ఒంటరితనానికైతే తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురితో కలిసి ఆడేవి మేలు. ర్యాంక్ మ్యాచ్‌లు (గెలుపోటములను బట్టి మన స్థాయి పెరిగే, తగ్గే పోటీలు) వద్దు: ఓడిన కసితో 'ఇంకొక్కటి' అంటూ నిద్ర చెడుతుంది. ఎంతసేపు ఆడాలో అలారం పెట్టుకోవడం కన్నా 'రెండు మ్యాచ్‌లే' అన్న లెక్క నయం, మధ్యలో వదిలేయాల్సిన పనుండదు. వాయిస్ చాట్‌లో కొత్తవాళ్లను మ్యూట్ చేయండి. మందులు, కౌన్సెలింగ్ మాత్రం దయచేసి ఆపకండి.